నాలుగున్నర పదవి

ప్రపంచ చరిత్రలో 1976 జనవరికి పెద్ద ప్రాముఖ్యం లేదని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. భిలాయి క్యాంప్ 2లో, ఎనిమిది తలుపుల ఒక సందులో, నరసింగరావు ఆ నెలలోనే తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటిసారి పక్కింటి తలుపు తట్టాడు. కుడిచేతి మధ్యవేలి కణుపుతో, మూడుసార్లు.

కారణం లేకపోలేదు. సందులో అందరూ స్టీలు ప్లాంటు వాళ్లే, అలారం గడియారం ఒక్కరికీ లేదు. పక్కింటి మలయాళీ వర్గీస్ చలికి ముసుగు తియ్యక ఒకరోజు ఫస్టు షిఫ్టు పోగొట్టుకున్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన నరసింగరావుకేమో గడియారం లేకుండానే నాలుగింటికి మెలకువ వచ్చే జబ్బు ఉంది. సందు ఏకగ్రీవంగా ఆ జబ్బును పదవిగా మార్చింది.

క్రమంగా నియమావళి ఏర్పడింది. వర్గీస్‌కు మూడు దెబ్బలు చాలు. బెంగాలీ మండల్ "లేచాను" అని పలికి మళ్లీ పడుకుంటాడు గనుక, లోపల దగ్గు వినబడేదాకా కదలకూడదు. పంజాబీ బల్బీర్‌కు తలుపు పనిచెయ్యదు, కిటికీ తట్టాలి. దేవాంగన్ ఈ ఊరివాడే, ఎలా తట్టినా లేవడు. భార్య లేస్తుంది, తక్కినది ఆవిడ చూసుకుంటుంది. నరసింగరావుకు నైట్ షిఫ్టు పడిన వారాల్లో ఆయన భార్య సింహాచలమ్మ ఇన్‌ఛార్జి. ఆవిడ తలుపులు తట్టేది కాదు. సందు మధ్యలో నిలబడి, "ఓలమ్మ, ఏటి నిద్దర్లు! లెగండి!" అనేది. అన్ని రాష్ట్రాలవాళ్లకూ అర్థమయ్యేది.

రిటైర్మెంట్లు వచ్చాయి. వర్గీస్ కొట్టాయం వెళ్లిపోయాడు. బల్బీర్‌ను కొడుకులు ఊళ్లోనే కోహ్కా పేటకు తీసుకుపోయారు. దేవాంగన్ ఇంటిని గదులుగా అద్దెకిచ్చి ఊరికి అటువైపు రిసాలిలో చేరాడు. మండల్ పోయాడు, ఆయన ముందుగదిలో మొబైల్ రిపేరు కొట్టు వెలిసింది. అద్దె గదుల్లో కాంట్రాక్టు పనివాళ్లు ఆరునెలలకొకరు మారతారు. అందరి దిండ్ల కిందా ఫోన్లే. సింహాచలమ్మ పోయి ఆరేళ్లు. నరసింగరావు మాత్రం నాలుగింటికి లేచి, సందు ఆ చివరిదాకా నడిచి, ఎవరినీ లేపకుండా తిరిగివస్తాడు.

"చీకట్లో తిరుగుతున్నావంట, ఏటి నాన్నా? ఎవుల్ని లేపడానికి?" అంది కూతురు భాగ్యరేఖ ఫోనులో.

"ఎవుల్నీ లేదమ్మా. కాళ్లు లాగేస్తన్నాయని."

"కుక్కలు లాగేస్తే తెలుస్తాది. పడుకో, ప్లీజ్."

ఇలా ఉండగా ఒక సోమవారం మధ్యాహ్నం, దేవాంగన్ ఇంట్లో అద్దెకుంటున్న ఉమేష్ గుమ్మంలోకి వచ్చాడు.

"చాచా, ఫోన్ మర్ గయా. కల్ ఫస్ట్ షిఫ్ట్ హై. సాఢే చార్ బజే జగా దోగే?"

ఫోను చచ్చింది, రేపు ఫస్టు షిఫ్టు, నాలుగున్నరకు లేపుతారా అని. నరసింగరావు వెంటనే ఒప్పుకోలేదు. అంత తేలిక పదవి కాదది. తలుపా, కిటికీయా? దెబ్బలా, పిలుపా? దగ్గు వినబడేదాకా ఆగాలా? అన్నీ హిందీలో వివరంగా అడిగాడు.

"బస్, ఉఠా దేనా చాచా," లేపితే చాలని అన్నాడు ఉమేష్, కొంచెం భయపడి.

ఆ రాత్రి నరసింగరావు ఇస్త్రీ చొక్కా తీసిపెట్టుకున్నాడు. మంచంపట్టె మీద మూడు దెబ్బలు కొట్టి చూసుకున్నాడు. కణుపు బాగానే పలికింది. నిద్ర పట్టలేదు గనుక మెలకువ వచ్చే ప్రశ్నే లేకపోయింది. నాలుగింటికి గడ్డం గీసుకుని, స్వెటరు తొడుక్కుని, పది నిమిషాల ముందే వెళ్లి ఉమేష్ తలుపు ముందు నిలబడ్డాడు. వేళ కాకుండా తట్టడం నిబంధనలకు విరుద్ధం.

వేళయింది. చెయ్యి ఎత్తాడు.

లోపల ఏదో పాట మొదలైంది. లైటు వెలిగింది, పాట ఆగింది, తలుపు తెరుచుకుంది.

"అరే, చాచా! ఫోన్ తో షామ్ కో హీ బన్ గయా. బతానా భూల్ గయా."

సాయంత్రమే బాగయిందట. చెప్పడం మరిచిపోయాడట.

"అచ్ఛా హువా," మంచిదయిందిలే అని నరసింగరావు ఎత్తిన చెయ్యి దించి స్వెటరు జేబులో పెట్టుకున్నాడు.

మండల్ ముందుగదిలోని ఫోన్ల రిపేరు కొట్టు రాత్రి తొమ్మిది దాకా తీసే ఉంటుంది.