ఎదురు పిచ్చిక

ఒక్క పిట్ట ఫోటో కోసం మూడు చలికాలాలుగా నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

గూళూరు దగ్గర మాకు టమాటా తోట ఉంది. మొదటి ఏడాది ఒక పొద్దున నీళ్లు వదులుతుంటే, గట్టు మీది జొన్నకంకిపై ఒక పిట్ట వాలింది. పిచ్చికంతే ఉంది కానీ తలా, రొమ్మూ ఎర్రగా, ముక్కు లావుగా ఉన్నాయి. ఫోన్ తీసేలోగా ఎగిరిపోయింది. వెతికితే అది ఫించ్‌ల కుటుంబంలోదని, హిమాలయాల అవతలి నుంచి చలికి మనవైపు వస్తుందని తెలిసింది.

అమ్మకు చెప్తే తల కూడా ఎత్తలేదు. "అది ఎదురు పిచ్చికప్పా. ముందు గుంపులు గుంపులుగా వస్తా ఉండె" అంది.

మా ఇంట్లో బయల్దేరేటప్పుడు ఏది ఎదురొచ్చిందన్నది పెద్ద విషయం. పిల్లి ఎదురైతే నాన్న చెప్పులు విడిచి, కూర్చుని, నీళ్లు తాగి గానీ కదిలేవాడు కాదు. ఇది కూడా దారిలో ఎదురొచ్చే పిట్టే అనుకున్నాను. వీలున్నప్పుడల్లా పొద్దున్నే తోట దారికి ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వచ్చినవన్నీ మట్టిరంగు ఆడపిట్టలు. ఆ ఫోటోలు చూసి స్నేహితులు, పిచ్చికల కోసం ఇంత తపస్సా అని ఎగతాళి చేశారు. మగది ఒక్కసారి టమాటాల్లో దొరికింది. ఆ ఫోటో చూసి మా ఆవిడ, "యాడుండాది పిట్ట? అన్నీ పండ్లే గదా" అంది. వెతికితే నాకూ కనబడలేదు. ఒళ్లు మండి ఫోన్ మంచం మీదికి విసిరాను.

ఈ ఏడాది ఒక్కటీ రాలేదు. ఆ కోపమంతా అమ్మ మీద చూపించాను. "ఎదురొస్తాదంటివి. యాడొచ్చె? దారికాడ కూసోని కూసోని నడుము పాయె."

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఎదురొస్తాదని ఎవురు చెప్పిరి? ఎదురప్పా, బొంగులు. బావికాడ మన ఎదురు పొదలో వాలతాండె, దానికే ఆ పేరు."

వెదురు. మా నోళ్లలో ఆ 'వ' ఎప్పుడో రాలిపోయింది.

బావి దగ్గర ఆ పొద ఇప్పుడు లేదు. టమాటా మొక్కలకు ఊతకర్రలు కావాలని నాలుగేళ్ల కిందట మొదలంటా కొట్టించింది నేనే. పిట్టలు వాలతాయి, కొట్టొద్దని అమ్మ అప్పుడే చెప్పింది. పిట్టలు వచ్చి టమాటాలను నిలబెడతాయా అని నేను నవ్వాను.

ఆ పాత ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. పండ్ల మధ్య ఎర్రటి తల ఈసారి దొరికింది. అది వాలింది మా వెదురు ఊతకర్ర మీదే.