మైలలో ఉన్న చుట్టం

ఈ మధ్య నాకు త్వరగా అలుపొస్తోంది. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద, విదేశాలకు చదువుకోవడానికి వెళ్ళే పిల్లలకు అక్కడి పద్ధతులు చెప్పే ఉద్యోగం నాది. కింద హారన్లు, పైన ఏసీ రొద, మధ్యలో నా గొంతు. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, స్మోక్ అలారం మోగకుండా పోపు ఎలా వేసుకోవాలి, ఏళ్ళ తరబడి ఇవే పాఠాలు. మొన్న న్యూజిలాండ్ వెళ్ళబోతున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, అక్కడ కాలేజీలో చేరగానే మావోరీలని, అక్కడి మూలవాసుల దగ్గరికి తీసుకెళ్తారంట కదండీ. ముక్కుకి ముక్కు ఆనించాలంట. స్కిప్ చెయ్యొచ్చాండీ?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "జలుబుంటే చెయ్యొచ్చమ్మా" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పబోయానో మరిచిపోయి, క్లాసు ముందే ముగించి కుర్చీలో కూలబడ్డాను.

నేను చదువుకోడానికి ఆ దేశం వెళ్ళిన తొలి నెలలోనే మా పెద్దమ్మ పోయింది. నాన్నకు అన్నగారి భార్య. అమ్మ పొద్దున్నే టీచరు ఉద్యోగానికి బస్సెక్కితే నన్ను పెంచింది ఆవిడే. కంకిపాడు అవతల ఊళ్ళో మాది మగ్గాల ఇల్లు. పెదనాన్న నేసేవాడు. పెద్దమ్మ పగలంతా నూలు కండెలు చుట్టి, సాయంత్రం చీరల మూట చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఆవిడ కొంగు ఎప్పుడూ గంజి వాసనేసేది. ఎవరింట్లో కూర్చున్నా మూట విప్పకముందే "మీరెవరి తాలూకమ్మా? పుట్టిల్లేవూరు?" అని మొదలెట్టేది. అవతల వాళ్ళ అన్నం పొయ్యి మీద మాడిపోతున్నా సరే, మూడు తరాలు తవ్వితే గానీ చీర మడత విప్పేది కాదు. "చీరలమ్ముతున్నావా, సంబంధాలు మాట్లాడుతున్నావా?" అని పెదనాన్న విసుక్కుంటే, "ఎవరో ఏంటో తెలీకుండా గుడ్డ ఎట్టా ఇచ్చేదండీ?" అనేది. అలా ఆవిడ వెంట తిరగడం నాకు పరమ విసుగు. ఆవిడ లేకపోతే అన్నం ముద్ద దిగేది కాదు, అది వేరే సంగతి.

కబురు నాన్నే ఫోన్లో చెప్పాడు. "రావద్దమ్మా, నువ్వొచ్చేసరికి అన్నీ అయిపోతాయి. మైల తీరేదాకా గుడికీ శుభానికీ వెళ్ళమాక. ఏడవమాక, అక్కడ ఒక్కదానివే ఉన్నావు." నాన్న మాట జవదాటడం మా ఇంట్లో లేదు. ఏడవలేదు. క్లాసులకు వెళ్ళాను, వండుకున్నాను, గిన్నెలు తోముకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే కొత్త విద్యార్థులకు మావోరీ పెద్దల స్వాగతం పడింది. వాళ్ళ సమావేశపు ఇంటి ఫొటోలు ముందే చూపించారు. చెక్కిన స్తంభాలన్నీ పూర్వీకులేనట, గోడల నిండా పోయినవాళ్ళ పటాలట. "మ్యూజియం లాంటిదన్నమాట" అని మా తెలుగు పిల్లలు తేల్చేశారు. చెప్పులు గుమ్మం బయట విడవాలన్నప్పుడు మాత్రం, ఈ ఒక్కటీ మాకెవరూ నేర్పక్కర్లేదని కాలరెగరేశారు. నాకది దేవుడి గదిలా తోచింది. మైలతో ఎవరి దేవుడి గదిలోకైనా అడుగు పెడతామా? గేటు దాకా వెళ్ళి, అందరూ వరస కడుతుంటే నేను పక్కకు తప్పుకుని గోడ వార నిలబడ్డాను.

మా తరఫున ముందు నడవాల్సింది మా కాలేజీలో పనిచేసే ఒక మావోరీ పెద్దావిడ. తెల్ల జుట్టు, నల్ల బట్టలు, చేతిలో పచ్చని ఆకుల రెమ్మ. నన్ను చూసి దగ్గరకొచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మైలను ఇంగ్లీషులో ఏమంటారో నాకు ఇప్పటికీ తెలీదు. "మా ఇంట్లో మనిషి పోయింది. ఇంకా పది రోజులైనా కాలేదు. నేను లోపలికొస్తే మీ ఇంటికి మంచిది కాదు" అన్నాను. "అయితే ఆమెను కూడా నీతోపాటు బయటే నిలబెట్టావా?" అందావిడ. నాకు అర్థం కాలేదు. "ఇక్కడికి ఎవరొచ్చినా, పోయినవాళ్ళు వాళ్ళ వెంట వస్తారు. మేం ముందు వాళ్ళను పిలుస్తాం. వాళ్ళ కోసం ఏడుస్తాం. ఆ తర్వాతే నీకు టీ. ఆమె పేరేమిటి? ఏ ఊరు? ఏ నది ఒడ్డు?" పెద్దమ్మే ఎదురుగా కూర్చుని చీరల మూట ముడి మీద చెయ్యి వేసినట్టనిపించింది. చెప్పాను. పేరు నోరు తిరగక, నాతో మళ్ళీ మళ్ళీ అనిపించుకుని, చెయ్యి పట్టుకుని వరస ముందుకు తీసుకొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది.

లోపలి నుంచి ఒక స్త్రీ గొంతు లేచింది. పాట కాదు, ఏడుపు కాదు, పిలుపు. నా పక్కనున్నావిడ బదులు పిలిచింది. ఆ తెలియని మాటల మధ్య మా పెద్దమ్మ పేరు వినపడింది. ఒక అక్షరం జారిపోయి, కాస్త వంకరగా, అయినా ఆవిడ పేరే. బెజవాడ రావడానికే వారం ముందు నుంచి కంగారుపడే మనిషిని సముద్రాల అవతల ఎవరో గొంతెత్తి లోపలికి రమ్మంటున్నారు. ఆ ముంగిట్లో పచ్చిక మీదే కూర్చుని ఏడ్చాను. వరసంతా ఆగింది. ఎవరూ ఊరుకోమనలేదు, నీళ్ళ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకు రాలేదు. అలా ఆగడం అక్కడ పద్ధతేనని తర్వాత తెలిసింది. లోపల ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి నుదురూ ముక్కూ ఆనిస్తుంటే వాళ్ళ చెంపలూ తడిగానే తగిలాయి. వాళ్ళకు పెద్దమ్మ ఎవరు? వాళ్ళ వాళ్ళెవరో గుర్తొచ్చి ఉంటారు. తర్వాత అన్నమాట ప్రకారం టీ ఇచ్చారు, రెండో కేకు ముక్క తినేదాకా వదల్లేదు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మైలలో పరాయివాళ్ళ గడప తొక్కానని నాన్న బాధపడతాడు. ఏటా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, పంతులుగారు పంచాంగం చూసి చెప్పిన తిథి నాడు తద్దినం పెడతాడు. ఓపిక లేకపోయినా బస్సెక్కి వెళ్తాను. వదిన గారెలు వడ్డిస్తుంది, అందరూ పెద్దమ్మ కబుర్లు చెప్పుకుంటారు, నవ్వుకుంటారు, ఒకరిద్దరు కళ్ళొత్తుకుంటారు. నాకు మాత్రం కన్ను చెమర్చదు. వాళ్ళందరికీ ఆవిడ పోయింది ఆ రోజే. నాకు పోయింది ఇంకొన్నాళ్ళ తర్వాత, ఎవరో పరాయివాళ్ళ ముంగిట్లో. ఆ తిథి ఏ పంచాంగంలోనూ దొరకదు.