ఉతకని చొక్కా

ఆమె లాండ్రీలో ఊళ్లోవాళ్ల చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసేది. భర్త విడిచిన చొక్కాలను మాత్రం ఉతక్కుండా పెరట్లోని మూడు దానిమ్మ మొక్కలకు కట్టేది. మనిషి చెమట వాసన ఉన్నన్నాళ్లు జింకలు చిగుళ్ల జోలికి రావు. వానకు వాసన పోతే ఇంకో చొక్కా కట్టాలి. ఆ మొక్కలు ఆయన నాటినవి.

చలికాలంలో ఆయన పోయాడు. విడిచిన చొక్కాలన్నీ ఒక్కొక్కటే పెరట్లోకి వెళ్లాయి. చివరిదాన్ని ఆమె పెట్టెలో దాచుకుంది.

పెద్ద వాన కురిసిన మర్నాడు చూస్తే, జింకలు రెండు మొక్కలను మొదలంటా కొరికేశాయి.

“ఆ ఉన్నదేదో కట్టెయ్యి వదినా,” అంది ఆడపడుచు. “ఈ కంపుకి జింకలేంటి, నేనే పారిపోతానని అన్నయ్యను వెక్కిరించేదానివిగా?”

“పారిపోయింది ఆయన కదే,” అంది ఆమె.

పెట్టె తెరిచి చొక్కాను ముఖానికి ఆనించుకుంది. కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు. పురుగు పట్టకుండా వాటిని వేసింది తనే.

తర్వాత ఆ చొక్కాను తనే తొడుక్కుని పనికి వెళ్లింది. పగలంతా ఇస్త్రీ బల్ల వేడిలో దాన్ని విప్పలేదు. సాయంత్రం, వీపుకు అంటుకుపోయిన చొక్కాను విప్పి మిగిలిన మొక్కకు కట్టింది.