తోడు లేదని రాయించుకొచ్చిన పాస్

నాన్న పెట్టిన షరతు ఒక్కటే. భీమవరం వెళ్ళి వికలాంగుల బస్ పాస్ నువ్వే తెచ్చుకో, అప్పుడు ఉద్యోగానికీ ఒక్కదానివే వెళ్ళు అన్నాడు. నాకు ఇరవై ఆరేళ్ళు, ఆటిజం ఉంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. రోజూ నా వెంట వస్తే నాన్న చేలో పని ఎవరు చూస్తారు? అందుకే మంగళవారం పొద్దున్నే బయలుదేరాను.

మొగల్తూరులో ఏడుంబావు బస్సు ఎక్కాను. హారన్ మోత పడనివాళ్ళు వెనక సగంలో కూర్చోవడం మంచిది. కుదుపులు ఎక్కువే కానీ కుదుపులతో నాకు పేచీ లేదు. మా వైపు బస్సెక్కితే పక్కవాళ్ళు ఊరు, ఇంటిపేరు, పెళ్ళి సంగతి కనుక్కోందే ఊరుకోరు. నేను జవాబులు కంఠతా పట్టి ఉంచుకుంటాను. పక్క సీటు పెద్దాయన "ఎవరి తాలూకమ్మా?" అనగానే మూడూ గడగడా అప్పజెప్పేశాను, పెళ్ళి కాలేదు, చూడటం లేదు అన్నదాకా.

"నేనింకా రెండోది అడగనే లేదమ్మా!" అని ఆయన నవ్వి పేపరు తీశాడు.

నరసాపురంలో పెసరట్టు తిని రైలెక్కాను. పాలకొల్లు దాకా కొబ్బరి తోటలు, ఆ తర్వాత చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. వాటిని చూస్తూ కూర్చుంటే నాకు భయం గుర్తుకురాదు. పదింటికల్లా భీమవరంలో దిగి, బస్సు కాంప్లెక్స్‌కి నడిచాను.

పాస్‌ల కౌంటరు దగ్గర చాంతాడంత లైను. వెళ్ళేవాళ్ళు వైకల్యం ఉందని డాక్టర్లిచ్చే సదరం సర్టిఫికెట్ ఒరిజినల్, జిరాక్సు, ఆధార్, ఫొటోలు పట్టుకెళ్ళండి. మంచినీళ్ళు కూడా. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళని కిటికీ మూసేశారు. తెరిచేదాకా అక్కడే నిలబడ్డాను. నా వెనక నాగమణి గారని చేపలమ్మే ఆవిడ. పోలియో వచ్చిన కాలు, చేతిలో పాత పాస్.

కౌంటర్లో ఆయన నా సర్టిఫికెట్ తిరగేసి, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఆటిజం అని ఉంది. మీతో వచ్చినవాళ్ళేరమ్మా?"

ఈ ప్రశ్నకి జవాబు నేర్చుకోలేదు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద మైకు పాలకొల్లు బస్సు పిలుపు మొదలెట్టింది. చెవులు మూసుకున్నాను. మాట గొంతులోనే ఉండిపోయింది. అదే మాట ఆయన రెండోసారి అడిగాడు, కొంచెం గట్టిగా. అయిపోయింది, నాన్నకి ఫోన్ చేయాల్సిందే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

నాగమణి గారు నా పక్కకి జరిగి, "నేనేనండి తోడు. మా పిన్ని కూతురండి. రాసేయండి బాబూ" అంది.

అంత దయగా, అంత ధీమాగా అబద్ధమాడింది ఆవిడ. నాకేమో అబద్ధం వింటే చెప్పులో రాయి పడ్డట్టుంటుంది, తీసేదాకా నడవలేను. అంతసేపూ రాని మాట అప్పుడు తన్నుకొచ్చింది.

"కాదండి. ఈవిడెవరో నాకు తెలీదండి. పొద్దున్నుంచీ లైన్లో ఉన్నారంతే. మొగల్తూరు నుంచి నేనొక్కదాన్నే వచ్చానండి."

లైనంతా గొల్లున నవ్వింది. నాగమణి గారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కౌంటర్లో ఆయన మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళి పై ఆఫీసర్ని అడిగి వచ్చాడు.

"పాస్‌లో తోడు పేరు కావాలంటేనే రాయాలంటమ్మా, తప్పనిసరేం కాదు. మరి ఏం రాయమంటారు?"

"లేదని రాయండి."

అలాగే రాశాడు. కార్డు చేతికొచ్చాక బెంచీ మీద కూర్చుని గట్టిగా ఊపిరి తీసుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నాలుగింటికి నరసాపురం బస్సు. నాగమణి గారు నా పక్కనే కూర్చుంది.

"నీకోసం అబద్ధమాడితే నలుగుర్లో నా పరువు తీసేశావు కదమ్మా!"

"మీకు కోపం వచ్చిందాండీ?"

"నవ్వుతున్నాను కదే, కనపడట్లేదా?"

"మొహం చూస్తే నాకు సరిగ్గా తెలీదండి. చెబితే తెలుస్తుంది."

ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే చెబుతున్నా విను. కోపం లేదు" అంది. అంత స్పష్టంగా నాకెవరూ చెప్పరు. ఆవిడ పాలకొల్లులో దిగేటప్పుడు నేనే చెయ్యి ఊపాను.

నరసాపురంలో బస్సు మారాను. కండక్టరు కార్డు చూశాడు, ఖాళీగా ఉన్న పక్క సీటు చూశాడు, సగం ఛార్జీకి టికెట్ కొట్టి ముందుకి వెళ్ళిపోయాడు. ఏ ప్రశ్నా లేదు. రోజంతటిలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

నరసాపురం దాటాక నాన్న ఫోన్ చేశాడు. "స్కూటర్ తీస్తున్నాను. ఎన్నింటికి దిగుతావమ్మా?"

"పాస్ వచ్చింది నాన్నా. నువ్వు బస్టాండుకి రాకు."

అవతల స్కూటర్ స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"సరేనమ్మా. కూర వేడి చేసి ఉంచుతాను" అన్నాడు.