జోకులక్క నొప్పి

లాండ్రీలో జోకులక్కకు ఎదురు లేదు. కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి బట్టకీ నంబరు చీటీ గుచ్చడం ఆమె పని. పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బవల్ల కాళ్లు బిగుసుకుపోయాయి, మాట కాస్త సాగుతుంది. డాక్టర్లు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మాట సాగితేనేం, చురక మాత్రం గురి తప్పేది కాదు.

ఒకాయన తెల్లచొక్కా తెచ్చి, "మరక పోతుందా, పూర్తిగా పోతుందా?" అని ప్రాణం తీశాడు.

"మరక పోతుందండీ. దానివెంట చొక్కా కూడా పోతానంటే మాత్రం మేం ఆపలేం," అంది.

ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. కష్టాన్ని నవ్వుతో గెలిచిన మనిషని అందరూ ఆమెను తెగ మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికేం, ఖర్చా పాడా! ఆ చొక్కాయన వచ్చిన పూట ఆమె పిక్కలు రాయిలా బిగుసుకుని ఉన్నాయన్న సంగతి ఒక్కరికీ తెలియదు.

తెలిసిన మనిషి ఇంట్లో ఉంది. అమ్మ.

చిన్నప్పుడు ఆ కాళ్లు సాగదీసి వ్యాయామం చేయించింది అమ్మే. పిల్ల "నొప్పీ" అని ఏడిస్తే అమ్మకు చేతులు ఆడేవి కావు. కాలు వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగేది. అది చూడలేక పిల్ల ఆ మాటే మానేసింది. మరీ ఓర్చుకోలేనప్పుడు ఏదో ఒక తమాషా మాట అనేది. అమ్మ నవ్వేది, నవ్వుతూ పట్టు సడలించేది. ఎంత నొప్పికి అంత మంచి జోకు. అది జోకు కాదని అమ్మకు తెలుసు. అమ్మకు తెలుసని కూతురికీ తెలుసు. కూతురికి నలభై దాటినా ఇద్దరిలో ఒక్కరూ ఆ ముసుగు తీయలేదు. ఇంత ప్రేమ ఉన్నచోట ఇంత మొండితనం ఎందుకుంటుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వయసు పెరిగేకొద్దీ నొప్పులూ పెరిగాయి. అమ్మ వేళ్లేమో కీళ్లవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. నూనె గిన్నె ముందు పెట్టుకుని, పట్టు చిక్కని చేతుల్ని చూసుకుంటూ కూర్చునేది. తను పోతే దీని నొప్పి ఎవరికి తెలుస్తుంది? ఆ ఒక్క దిగులూ ఆమెను తినేస్తోంది. చివరికి ఇంటికొచ్చి కాళ్లకు మర్దన, వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయిని కుదిర్చింది.

మొదటిరోజు అమ్మ కాపడానికి నీళ్లు పెట్టాలని వంటగదిలోకి వెళ్లింది.

"దెబ్బ పాతదే అక్కా. కానీ ఇన్నేళ్లు బిగుసుకునే పనిచేసి కండరాలు అలిసిపోయాయి. పూర్తిగా పోగొట్టలేను, కాస్త సడలిస్తాను. నొప్పి పుడితే వెంటనే చెప్పండి," అంది ఆ అమ్మాయి, పిక్క మీద బొటనవేలు ఆనించి.

"ఆఁ," అంది జోకులక్క. కాసేపటికి, "నా కాళ్లు రెండూ తోడికోడళ్లమ్మా. ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకదాని దారికి ఒకటి అడ్డంపడతాయి," అంది.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మనిషి తేలికపడింది కదా అని ఇంకాస్త సాగదీసింది.

"ఇస్త్రీ బాబాయికి ఇచ్చి చూశాను, ఈ మోకాలి మడత ఆయనవల్లా కాలేదు."

వంటగదిలోకి నవ్వు వినిపించింది. అమ్మ గిన్నె కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"వదిలెయ్ తల్లీ! వదిలెయ్!"

"నవ్విస్తున్నారు కదమ్మా!"

"అందుకే వదలమంటున్నా!"

అప్పటికే కండరం పట్టేసింది. వాచిన కాలితో జోకులక్క చాలా రోజులు లాండ్రీ మెట్లెక్కలేకపోయింది. ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"దానికి నొప్పి అనే మాట రాదమ్మా. నేనే రానివ్వలేదు. అది జోకు వేస్తే నువ్వు నవ్వకు. చేతులు తీసెయ్."

అప్పటినుంచి వాళ్లకొక పద్ధతి ఏర్పడింది. ముందు వేడి గుడ్డతో కాపడం, తరువాత మెల్లగా మర్దన, ఆపైన ఒడుపుగా సాగదీయడం. జోకు వినబడగానే ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తేది, వదిలేశానని చూపిస్తూ. "నా జోకులకు విలువ పడిపోయింది," అని జోకులక్క సణిగేది. కాళ్లు కాస్త సడలి మళ్లీ పనిలోకి వెళ్లింది. అమ్మ కుర్చీలో కూర్చుని ఆ ఎత్తిన చేతుల్ని తృప్తిగా చూసుకునేది.

ఒక ఉదయం అమ్మ నిద్రలోంచి లేవలేదు.

ఇల్లంతా జనం. జోకులక్క అమ్మ మంచం పక్కన కూర్చుంది. కంట తడి లేదు. పలకరించిన ప్రతివాళ్లకూ ఏదో ఒక తమాషా మాట చెబుతూనే ఉంది. ఇస్త్రీ బాబాయి నవ్వలేక, ఏడవలేక బయటికి వెళ్లిపోయాడు. "కన్నతల్లి పోయినా దీనికి వేళాకోళమేనా?" అని ఒక బంధువు మూతి తిప్పింది. ఆ మూతి మీద ఒకటి వేసినా తప్పు లేదు.

ఫిజియో అమ్మాయి పరుగున వచ్చి ఎదురుగా నేలమీద కూలబడింది.

"చూశావా," అంది జోకులక్క. "ఇన్నేళ్లూ తను ముందు లేచి నన్ను లేపేది. ఇవాళ నా వంతు వచ్చేసరికి బద్ధకించింది."

ఆ అమ్మాయి అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తేసింది. ఎత్తాక తెలిసింది, ఆ చేతులు అసలు ఆమె మీద లేవని. తీసేయడానికి ఏమీ లేదు. దించడం చేతకాక అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

జోకులక్క ఆ చేతులవైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడెప్పుడో మానేసిన మాట, ఇక అమ్మకు వినబడదని తెలిశాక, సాగి సాగి బయటికి వచ్చింది.

"నొప్పీ..."