ఆంజప్ప అనుమానం

రాయకోట బస్టాండు వెనక మోటారు వైండింగ్ చేసే ఆంజప్ప, తన నీడ తన వెనకే నడిచినా ఆగి, ఎవరు పంపినారని అడిగే రకం. స్క్రూడ్రైవరు కొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఎడమ కన్ను మూసి వింటాడు. మోటారు తెచ్చిన రైతు మాటలూ ఆ కన్ను మూసే వింటాడు. కొత్తవాళ్లు వస్తే, "నా పేరు నీకెవరు చెప్పినారప్పా?" అని అడిగి, చెప్పినవాడు తనకు తెలిస్తేనే పని ఒప్పుకుంటాడు. ఈ ఏడు ఆ కొత్తవాళ్లే రావడం మానేశారు. కొట్లో ఒక్క మోటారే ఉంది.

"జనం ఇప్పుడు ఫోన్లో ఏఐని అడుగుతా ఉండారన్నా. నీ వివరాలు నెట్లో సరిగ్గా పెడితే అది నీ పేరూ చెప్తుంది," అంది పరిమళ. చిన్న కొట్లకు ఆ పని చేసిపెట్టడానికే ఆమె హోసూరు నుంచి వస్తుంది. ఆంజప్ప ఆమె ఫోనుకు స్క్రూడ్రైవరు ఆనించి చాలాసేపు విన్నాడు. "సద్దే లేదే! దీనిది ఏ ఊరు? మనోళ్లు ఎవురన్నా దీనికి తెలుసునా?"

"నువ్వే అడిగి చూడన్నా."

రాయకోటలో మంచి మోటారు మెకానిక్కు ఎవరని అడిగాడు. గోపాలప్ప అనీ, చేతిపని గట్టిదనీ, సాయంత్రం ఏడు దాకా కొట్లోనే ఉంటాడనీ ఫోను చెప్పింది. ఆంజప్ప రెండు కళ్లూ తెరిచాడు.

"గోపాలప్ప పాడె మోసినోళ్లల్లో నేనొకణ్ణమ్మా! మూడేండ్లాయ."

"ఆయన వివరాలు నెట్లోంచి ఎవరూ తియ్యలేదన్నా. నీవి అసలు లేనే లేవు."

ఆంజప్ప స్టూలు ఆమె ముందుకు జరిపాడు. "రాసుకోమ్మా. పేరు, ఊరు తర్వాత. మొదట నేను బతికుండానని రాయి. పంపేముందు చదివి వినిపించు."