బెల్ మీద వేలు

కింది ఇంటి సిస్టరమ్మ మొన్న ఆదివారం పోయింది. గుండె ఆగిందట. బెంగళూరు కాడుగోడిలోని మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో అప్పటి నుంచీ ఒకటే మెసేజీలు: మెత్తని మనసు, చల్లని మాట అని. పచ్చి అబద్ధం. ఆమె నోటికి జడిసి పాలవాడు ప్యాకెట్లు మెట్ల మీదే పెట్టి పారిపోయేవాడు. చచ్చిపోయినంత మాత్రాన మనిషి మెత్తబడిపోతుందా? నాకు ఆమె నచ్చలేదు. ఆమెకు నేనూ నచ్చలేదు. ఈ నాలుగు మాటలు రాయాల్సింది మాత్రం నేనే.

ఒంగోలు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు ఉండేలా కట్టుకునేది. ఎవరింటికి వచ్చినా బెల్ మీద వేలు పెడితే తలుపు తెరిచేదాకా తీసేది కాదు. లోపలికి రాగానే పిల్లల కనురెప్పలు కిందికి లాగి చూసేది. కాఫీ ఇస్తే చక్కెర ఎక్కువైందనేది.

ఐదేళ్ల కిందట మా పాపకు రెండేళ్లు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. మూడో రోజు అన్నీ ఆగి, పాప కిక్కురుమనకుండా పడుకుంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు మోగింది బెల్.

“పొద్దుట్నించి పిల్ల ఎన్నిసార్లు ఉచ్చ పోసింది?”

“అదేం మాట సిస్టరమ్మా? నిద్రపోతా ఉండాది. డైపర్ గూడా రాత్రి కట్టింది అట్లే పొడిగా ఉండాది,” అన్నాను, అదేదో నా ఘనకార్యమైనట్టు.

“పొడిగా ఉందని సంబరపడుతున్నావా? ఏం తల్లివే నువ్వు!”

మెట్ల మీద నలుగురూ వింటుండగా అరిచింది. పాప ఉబ్బిన కళ్లు చూసి, నన్ను అడగకుండానే ఎత్తుకెళ్లి ఆటో ఎక్కింది. నేను చెప్పులు లేకుండా వెనకాల పరిగెత్తాను.

రెండు మూత్రపిండాలూ పని ఆపేశాయన్నారు ఆసుపత్రిలో. పొట్టలోకి గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. నీళ్లు చెంచాలతో కొలిచి ఇమ్మన్నారు. పాప “నీలు, నీలు” అని ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక, మూడో రోజు మా అమ్మ తెచ్చిన ఎళనీరు గ్లాసులో పోశాను. జబ్బు పడినవాళ్లకు లేత కొబ్బరినీళ్లను మించింది లేదని మా ఇంట్లో నమ్మకం. గ్లాసు పాప పెదాలకు తాకేలోపే, రోజూ ఆసుపత్రికి వచ్చే సిస్టరమ్మ లాక్కుని సింకులో పారబోసింది.

“చంపుతావా పిల్లని? ఆ నీళ్లలో పొటాషియం ఉంటది. బయటికి పోయే దారి లేదు. గుండె ఆగిపోద్ది.”

నాకు ఒళ్లు మండిపోయింది. “నువ్వు కనింటే గదా తెలిసేది, బిడ్డ దాహమంటే ఏందో!” అనేశాను.

ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. మర్నాడు మామూలుగానే వచ్చి, చార్టు చూసి, మంచం పక్కన కూర్చుంది.

ఎనిమిదో రోజు మూత్రం పట్టే సంచిలో పసుపుపచ్చగా నాలుగు చుక్కలు కనపడ్డాయి. ఆమె ఆ సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “వచ్చాయి. ఇక నన్ను ఎంత తిట్టుకుంటావో తిట్టుకో,” అంది.

కననిదానివన్న ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. క్రిస్మస్‌కు ఆమె కేకు పంపేది, ఉగాదికి నేను ఓళిగలు పంపేదాన్ని. పళ్లెం పోయి పళ్లెం వచ్చేది, మాట మాత్రం రాలేదు. తప్పయిందని చెప్దామని వెళ్లినప్పుడల్లా ఆమె పాప జుట్టనో, దగ్గనో ఏదో ఒకటి పట్టుకుని నన్ను దులిపేసేది. నాకు మళ్లీ కోపమొచ్చేది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? శవపేటిక దగ్గర కూడా ఆమె మీద కోపమే వచ్చింది, ఇంత తొందరేమొచ్చిందని.

నిన్న మూడో అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి వాళ్ల గుమ్మంలో కనిపించింది.

“మా బాబుకి టూ డేస్ నుంచి వామిటింగ్స్, మోషన్స్ ఆంటీ. ఇవాళ స్టాప్ అయ్యాయి. సైలెంట్‌గా పడుకున్నాడు,” అంది.

“పొద్దున్నించి ఎన్నిసార్లు ఉచ్చ పోసినాడు?”

ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది. “అవన్నీ మీకెందుకు ఆంటీ? ప్రైవసీ అని ఒకటుంటుంది కదా,” అని తలుపేసుకుంది.

రెండు మెట్లు దిగాను. మళ్లీ ఎక్కాను. బెల్ మీద వేలు పెట్టాను. లోపలి నుంచి ఆ అమ్మాయి విసుక్కుంటూ అరుస్తోంది. నేను వేలు తీయలేదు.